ప్రళయాల మీద రీసెర్చ్: ముందు ఏ చెరువు కింద ఏ చెరువుందో చూడు

అడిగిన ప్రశ్న ఇది: "సార్, మాది వనపర్తి దగ్గర పల్లె. మహబూబ్‌నగర్‌లో పీజీ అయిపోయింది. సమాజాలు ఎందుకు కూలిపోతాయి, అణుయుద్ధమో మహమ్మారో పెద్ద అగ్నిపర్వతమో ప్రపంచం మొత్తాన్ని దెబ్బతీస్తే ఏమవుతుంది అనే వాటి మీద రీసెర్చ్ చేయాలని ఉంది. ఇక్కడుండి చేయగలనా? ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంట్లో చెప్తే 'యుగాంతం గురించి చదివితే ఏం ఉద్యోగమొస్తదిరా' అంటున్నారు."

తమ్ముడూ, ఉద్యోగం సంగతి చివర్లో చెప్తాను. కానీ మీ ఇంట్లోవాళ్లు వాడిన ఆ 'యుగాంతం' అన్న మాటను నవ్వి వదిలేయకు. ఈ సబ్జెక్టులోకి చాలామంది దానికోసమే వస్తారు. 2012 డిసెంబర్‌లో ప్రపంచం అంతమైపోతుందని టీవీల ముందు కూర్చున్నవాళ్లు, ఏం జరిగినా "బ్రహ్మంగారు అప్పుడే చెప్పిండు" అనేవాళ్లు. వాళ్లకు కావలసింది తేదీ. ఈ పనిలో తేదీ దొరకదు. ఒకటి చెడితే దాని వెనక ఏది చెడుతుంది, ఆ చెడడం ఎక్కడ ఆగుతుంది, అక్కడే ఎందుకు ఆగింది, తర్వాత ఎవరు బాగుచేశారు అని అడుగుతూ పోవడమే ఈ పని.

నేను ఇరిగేషన్‌లో ఇరవై ఎనిమిదేళ్లు చేశాను, ఎక్కువ కాలం నల్లగొండ వైపే. రిటైరయ్యే ముందు నుంచి డ్యాముల భద్రత లెక్కలు, అక్కడి నుంచి ఈ మహా విపత్తుల లెక్కలు చూడడం అలవాటైంది. అందుకని నాకు ఏ ప్రశ్న అడిగినా చెరువే గుర్తొస్తుంది. ఆ లోపం ముందే ఒప్పుకుంటున్నా.

మన దగ్గర చెరువులు ఒంటరిగా ఉండవు, గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. కరువు ఏడాదిలో అదే దీవెన, ఒక్క చుక్క వృథా పోదు. కానీ పై చెరువు కట్టకు గండి పడిందనుకో, నెల రోజుల్లో రావలసిన నీళ్లు గంటలో వచ్చి కింది కట్ట మీద పడతాయి. ఆ కింది కట్టలో ఏ లోపమూ లేకపోయినా అది తెగుతుంది. 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ వరద వచ్చి దాదాపు 15 వేల మంది పోయారని చదివే ఉంటావు. వాన భయంకరంగా పడింది, నిజమే. కానీ తర్వాత విశ్వేశ్వరయ్య వచ్చి లెక్క తీస్తే, మూసీ పరీవాహకంలో రెండు వందలకు పైగా చెరువులు తెగినట్టు తేలింది. నగరాన్ని ముంచింది ఆకాశం ఒక్కటే కాదు, పైన వరుసగా తెగిన కట్టలు కూడా. ఆయన దానికి తగ్గ మందే చెప్పాడు: నగరం పైన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచమన్నాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. గొలుసును తెంపకుండా మధ్యలో వరద ఆగే చోటు పెట్టాడు. మహమ్మారుల మీద, బ్యాంకుల పతనాల మీద పనిచేసేవాళ్లు ఇవాళ వెతుకుతున్నది కూడా అలాంటి చోటునే.

ఇంకో కథ నా కళ్ల ముందు జరిగింది. 2009లో నైరుతి ముఖం చాటేసింది, దేశవ్యాప్తంగా వర్షపాతం సాధారణం కంటే 22 శాతం తక్కువ. ఆగస్టు దాకా మేం కరువు రిపోర్టులు రాస్తూ కూర్చున్నాం. సెప్టెంబర్ ఆఖర్లో కర్ణాటకలో, కర్నూలు వైపు ఆగకుండా వాన పట్టుకుంది. అక్టోబర్ 2 నాటికి కర్నూలు మునిగింది, మన వైపు అలంపూర్ మునిగింది. శ్రీశైలం డ్యామ్‌ను డిజైన్ చేసింది 19 లక్షల క్యూసెక్కుల వరదకు, వచ్చింది 25 లక్షలు. పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 దాటాయి. ఆ రెండు రాత్రులు నేను కిందివైపు ఒక డివిజన్ ఆఫీసులో ఉన్నాను. నీటిమట్టం కొలిచే ఒక గేజ్ దగ్గర మనిషి ఫోన్ చార్జింగ్ అయిపోయి నాలుగు గంటలు రీడింగే రాలేదు. ఆ నాలుగు గంటల్లో మా పెద్దసారు రిజిస్టర్‌లో అంతకుముందు రీడింగే మళ్లీ వేయించాడు. శ్రీశైలం నిలబడింది. తెగి ఉంటే దాని కింద సాగర్, సాగర్ కింద మిర్యాలగూడ నుంచి విజయవాడ దాకా ఏమయ్యేదో నువ్వే మ్యాప్ తీసి చూసుకో.

ఇలాంటి దాన్ని 'తృటిలో తప్పింది' అంటాం. నీ సబ్జెక్టులో నిజమైన బంగారం ఇక్కడే ఉంది. ప్రపంచం మొత్తం మునిగిన ఉదాహరణ మనకు ఒక్కటీ లేదు, ఉంటే మనం ఉండం. కాబట్టి తప్పిపోయినవాటినే తవ్వాలి. 2022 మార్చి 9న మన దేశం నుంచి పొరపాటున ఒక బ్రహ్మోస్ క్షిపణి లేచి పాకిస్తాన్‌లో పడింది. దాంట్లో వార్‌హెడ్ లేదు, అటు నుంచి జవాబు రాలేదు. రెండు రోజులు వార్త, ఆ తర్వాత అందరూ మరిచిపోయారు. డ్యామ్ నిలబడితే జనం "చూశావా, ఏం కాలేదు" అంటారు. ఇంజనీరు మాత్రం ఎంతలో తప్పిందో కొలవాలి. రిజిస్టర్‌లో పాత రీడింగ్ మళ్లీ రాసిన చోట, కొలవడానికి కూడా ఏమీ మిగలదు. అందుకే ఏ సంఖ్యను చూసినా దాన్ని ఎవరు, ఏ రాత్రి, ఎందుకు రాశారో అడగడం ఇప్పుడే అలవాటు చేసుకో.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఒకటుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెప్తుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, ఇట్లా పోతూ పోతూ మధ్యలో ఒక దోషం చెప్తుంది చూడు: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం! మట్టి బాగుండొచ్చు, రాయి బాగుండొచ్చు, కానీ తూము ఎవరు ఎత్తాలో తేలకపోతే అది చెడ్డ చెరువే. 2023 నవంబర్ ఆఖర్లో నాగార్జునసాగర్ డ్యామ్ మీద 26 గేట్లను చెరో పదమూడుగా పంచుకుని రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు నాకు ఆ శాసనమే గుర్తొచ్చింది. విపత్తుల మీద రాసే పెద్ద పెద్ద పేపర్లలో 'పాలనా వైఫల్యం' అని ఒక అధ్యాయం ఉంటుంది. మనవాళ్లు దాన్ని ఆరున్నర శతాబ్దాల కిందటే రాయి మీద చెక్కారు.

ఇక 'సమాజం కూలిపోవడం' అన్న మాట. ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువ తప్పు చేస్తారు. రాజ్యం కూలడం వేరు, మనుషులు కూలడం వేరు. నల్లగొండ పక్కన పానగల్లుకు వెళ్లు. కందూరు చోడుల రాజధాని అది. వాళ్లు పోయారు, కాకతీయులు 1323లో పోయారు, తర్వాత రేచర్ల పద్మనాయకులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, చివరకు 1948లో నిజాం పాలన పోయింది. చరిత్ర పుస్తకంలో ఇన్ని 'పతనాలు'. ఆ చోడులు తవ్వించిన ఉదయ సముద్రం మాత్రం ఇవాళ్టికీ నిండుతోంది, నల్లగొండ టౌనుకు తాగునీళ్లు అక్కడివే. రాజులు మారినా తూము దగ్గర నీళ్లు వదిలే నీరటి మారలేదు, పూడిక తీసే ఊరు మారలేదు. జోసెఫ్ టెయింటర్ అనే అమెరికన్ పండితుడు 1988లో ఒక మాట అన్నాడు: సమస్య వచ్చిన ప్రతిసారీ సమాజం ఇంకో అధికారిని, ఇంకో పన్నును, ఇంకో నిర్మాణాన్ని తెచ్చిపెట్టుకుంటుంది, ఖర్చు పెరుగుతూ లాభం తగ్గుతూ పోయి ఒక దశలో జనానికి ఆ భారం దించుకోవడమే లాభసాటి అవుతుంది. రోమ్‌కు అది సరిపోవచ్చు. మన చెరువులకు సగమే సరిపోతుందని నా అభిప్రాయం. దించుకోవడానికి కింద ఒక ఊరు, దానికి పని తెలిసిన మనుషులు ఉండాలి కదా.

అయితే ఈ కథకు ఇంకో సగముంది, నన్ను నిజంగా భయపెట్టేది అదే. ఉదయ సముద్రం ఇప్పుడు వాననీటితో మాత్రమే నిండదు. సాగర్ వెనక నీళ్లను పుట్టంగండి దగ్గర పంపులు ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోస్తే, అక్కడి నుంచి కాలువ ద్వారా పానగల్లు వస్తాయి. హైదరాబాద్‌కు వెళ్లే కృష్ణా తాగునీళ్లు కూడా ఆ అక్కంపల్లి నుంచే. అంటే ఇన్ని రాజ్యాల పతనాన్ని దాటుకొచ్చిన చెరువు ఇవాళ కరెంటు మీద బతుకుతోంది. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలి, రెండో రోజు 60 కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతం చీకటైంది. మనకు ఏమీ కాలేదు. మన గొప్పతనం వల్ల కాదు. దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో పూర్తిగా కలవలేదు, అంతే. ఏడాదిన్నర తర్వాత, 2013 డిసెంబర్ 31న, రాయచూర్-సోలాపూర్ లైనుతో కలిసింది. గద్వాల దాటి పోతే వచ్చే రాయచూరే అది. కలవకముందు మన పల్లెల్లో కరెంటు కోతలు గుర్తున్నాయా? బోరు మోటరు కోసం రాత్రి రెండింటికి లేచి పొలానికి పోయి పాము కాటుకు, షాకుకు పోయిన రైతులెందరో. కలిశాక బయటి నుంచి కరెంటు వచ్చింది, ఆ బాధ తగ్గింది. కానీ అటు చెడితే ఇటు పాకే దారి కూడా అదే లైను. గొలుసుకట్టు చెరువుల లెక్కే మళ్లీ. కలవాలా వద్దా అన్న ప్రశ్నకు సూటి జవాబు లేదు, ఎక్కడ మత్తడి పెట్టాలన్నదే ప్రశ్న. నేను నీ వయసులో ఉంటే పుట్టంగండి పంపులు పది రోజులు ఆగితే ఏమవుతుందో ఒక్కటే పట్టుకుని పీహెచ్‌డీ చేసేవాణ్ని.

"ఇక్కడుండి చేయగలనా" అన్నావు. తమ్ముడూ, ప్రపంచంలో ఆర్థికవేత్తలు అసలు మీ జిల్లా లెక్కల మీదే పేపర్లు రాసుకున్నారు. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు పల్లెల్లో ఇంటింటి సర్వే మొదలుపెట్టింది. అందులో రెండు మన ఉమ్మడి పాలమూరువే, ఔరేపల్లి, దోకూరు. ఎవరింట్లో ఏం పండింది, ఎంత అప్పు, ఏం తిన్నారు అని ఏళ్ల తరబడి రాశారు. రాబర్ట్ టౌన్సెండ్ అనే ఆర్థికవేత్త 1994లో ఔరేపల్లితో పాటు మహారాష్ట్ర పల్లెల లెక్కలు తీసి చూస్తే ఒక సంగతి తేలింది. ఒక ఇంటి ఆదాయం పడిపోయినా తిండి అంతగా పడిపోవడం లేదు, ఊరు ఏదో రకంగా మోస్తోంది: చేబదులు, చుట్టాలు, దుకాణంలో ఖాతా. కానీ ఊరంతా కలిసి పడితే అందరూ కలిసే పడతారు, భూమి లేనివాళ్లకైతే ఆ మోసే చేయి కూడా సన్నదే. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మహా విపత్తు అంటే ఏమిటో సగం అర్థమైనట్టే. ఒక ఊరికి వస్తే పక్క ఊరు, ఒక రాష్ట్రానికి వస్తే దేశం ఆదుకుంటుంది. ప్రపంచం మొత్తానికి ఒకేసారి వస్తే చేబదులిచ్చే పక్కిల్లు ఎక్కడుంది? పాలమూరు లేబర్‌కు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. ఇక్కడ వాన లేకపోతే బొంబాయి పోయి బతికేవాళ్లు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి అన్ని చోట్లా ఒకేసారి పని ఆగితే, నడిచి రావడం తప్ప దారి లేకపోయింది.

అగ్నిపర్వతాల గురించి చదవాలంటే కృష్ణ దాటితే చాలు. ఇప్పటి నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర జుర్రేరు లోయలో తెల్లని బూడిద పొర కనిపిస్తుంది. దాదాపు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరొచ్చిన బూడిద. ఆ పొర కిందా రాతి పనిముట్లు ఉన్నాయి, పైనా అదే రకానివి ఉన్నాయి, కాబట్టి ఇక్కడి మనుషులు బతికి బట్టకట్టారని 2007లో ఒక బృందం రాసింది. కాదు, ఆధారం చాలదని ఇంకొందరు వాదించారు. ఆ గొడవ రెండు వైపులా చదువు, ఈ రంగంలో ఆధారాన్ని ఎలా తూకం వేస్తారో తెలుస్తుంది. ఒక ఆదివారం వెళ్లి చూసి రావచ్చు కూడా. నేను రెండుసార్లు పోయాను, ఎండకు టోపీ మరిచి.

పెద్ద విస్ఫోటం, అణుయుద్ధం చివరికి కలిసేది ఒకే చోట, అన్నం దగ్గర. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలితే మరుసటి ఏడాది యూరప్‌లో ఎండాకాలమే రాలేదు, పంటలు పోయాయి. అణుయుద్ధంలో నగరాలు తగలబడితే మసి పైకి చేరి ఎండను అడ్డుకుంటుందన్న వాదన 1983 నుంచి ఉంది. 2022లో వచ్చిన ఒక అధ్యయనం భారత్, పాకిస్తాన్ మధ్య పెద్ద యుద్ధమే జరిగితే ప్రపంచంలో 200 కోట్లకు పైగా మంది ఆకలితో పోవచ్చని అంచనా వేసింది, వాళ్లలో ఎక్కువమంది ఆ యుద్ధంతో సంబంధం లేనివాళ్లు. ఈ సంఖ్య వెనక ఒక ఊహ ఉంది: దేశాలు తిండి అమ్మడం ఆపేస్తాయని. అది అతిశయం అనుకుంటావేమో. 2023 జూలై 20న ఏ యుద్ధమూ లేకుండానే, ధరలు పెరుగుతున్నాయని మన దేశం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో 40 శాతం మనవి. మనవైపు నుంచి చూస్తే ఆ నిర్ణయం తప్పని నేననను. కానీ మిర్యాలగూడ మిల్లుల ముందు లారీల వరుస చూస్తూ పెరిగినవాడిగా, మన బియ్యం తిని బతికే ఇంకో దేశంలో ఆ వారం ఏం జరిగిందో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. నువ్వు రాయి.

నెమ్మదిగా వచ్చే విపత్తును కూడా వదలకు. నల్లగొండలో ఫ్లోరైడ్ ఒక్క రోజులో రాలేదు. చెరువులు పూడి, బోర్లు లోతుకు పోయినకొద్దీ గ్రానైట్ రాయిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎక్కువగా వచ్చింది. మర్రిగూడ, చండూరు వైపు నడుములు వంగిన మనుషులను చూసి పెరిగాం మేం. ఆ నీళ్లను పటిక, సున్నంతో శుభ్రం చేసే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు 1970లలో 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు, ఆఫ్రికాలో కూడా వాడి చూశారు. ప్రపంచ పాఠ్యపుస్తకాల్లో మన జిల్లా పేరు అలా ఎక్కింది. ఎక్కించుకోవాలనుకునే పేరు కాదు.

కృత్రిమ మేధ, ల్యాబుల్లో మార్చిన సూక్ష్మజీవులు, ఇవి నా విద్య కాదు. ఒక్క మాట చెప్తాను: వ్యాధికారక క్రిముల విషయంలో దొరికిందల్లా ప్రచురించడం పరిశోధన కాదు. నేర్పేవాళ్లు దగ్గర లేకుండా అటు పోకు.

అంకెల గురించి. ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త టోబీ ఆర్డ్ వచ్చే వందేళ్లలో మానవజాతికి కోలుకోలేని దెబ్బ తగిలే అవకాశం ఆరింటిలో ఒకటి అని 2020లో రాశాడు. అది తన అంచనా మాత్రమేనని ఆయనే చెప్పుకున్నాడు. యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు ఆ రెండో వాక్యాన్ని వదిలేస్తారు. ఆయన పనిచేసిన సంస్థ 2005లో పెట్టారు, 2024 ఏప్రిల్‌లో మూతపడింది. మానవజాతి భవిష్యత్తు చదివే సంస్థకు పందొమ్మిదేళ్ల ఆయుష్షు! కేంబ్రిడ్జ్‌లో 2012లో మొదలైన ఇలాంటి సంస్థ ఇంకా నడుస్తోంది. ఇలాంటివి ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఒకదాని మీదే ఆశ పెట్టుకోకు.

అందుకే ఉద్యోగానికి నా సలహా: చేతిలో ఒక మామూలు విద్య ఉంచుకో. హైడ్రాలజీ, స్టాటిస్టిక్స్, మ్యాపులు, పంటలు, అంటువ్యాధులు, ఏదైనా సరే. దానికి కూడు దొరుకుతుంది. మహా విపత్తులను ఆ విద్యతో చూడు. వాతావరణ శాఖ 1901 నుంచి రోజువారీ వర్షపాతం లెక్కలు, దేశాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఇస్తోంది, వాటితో ఆడుకోవడం నేర్చుకో. వీలైతే ఉర్దూ చదవడం నేర్చుకో, తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలం కాగితాలు ఎదురు చూస్తున్నాయి. చదవగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు. ముసలివాళ్లతో మాట్లాడు. సంవత్సరం అడిగితే చెప్పలేరు, "ధాత కరువు మా తాత చెప్పేవాడు" అంటారు. ధాత నామ సంవత్సరం అంటే 1876-77, దక్కన్‌లో లక్షల మంది పోయిన కరువు. మాటకు తేదీ అలా కట్టుకోవాలి.

రోజూ ఇదే చదివితే టెన్షన్ పడతావు, నిద్ర పట్టదు. నాకు 2009 తర్వాత ఏడాది పాటు వాన చప్పుడుకు మెలకువ వచ్చేది. వారానికి రెండు రోజులు ఈ పుస్తకాలు ముట్టుకోకు.

ముందు ఇది చెయ్యి. మీ ఊరి దగ్గర ఒక గొలుసుకట్టు ఎంచుకో, అయిదారు చెరువులు చాలు. పై చెరువు నుంచి కిందికి కట్టల మీద నడుచుకుంటూ పో. ప్రతి ఊరిలో మూడే అడుగు: ఈ కట్ట ఎప్పుడైనా తెగిందా, తెగితే పై నుంచి కబురు ఎలా వచ్చింది, మళ్లీ ఎవరు పోశారు. ఒక పట్టికగా రాసి నాకు పంపు, చూస్తాను. జూన్ లోపలే తిరుగు. వానలు పడ్డాక కట్ట మీద గడ్డి మోకాలి దాకా వస్తుంది, పాములుంటాయి, చేతిలో కర్ర ఉంచుకో.